పని దాటింది, ముఖం ఆగిపోయింది

ఊరి బయటి రాతలు – 23

ఈసారి వీడియో గేమ్ గురించి రాస్తున్నా. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి.

"అక్కా, బయట ఇన్ని జరుగుతుంటే నీకు గేమ్‌లు కావాల్సి వచ్చాయా?" అని కొందరు తమ్ముళ్లు అడుగుతారని తెలుసు. అడగండి. కానీ మన హాస్టల్ గదుల్లో రాత్రి పన్నెండు దాటాక ఏం నడుస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక పాత ల్యాప్‌టాప్, ఒకే చార్జర్, చుట్టూ నలుగురు. సినిమాలో మన ముఖం ఎందుకు లేదని ఏళ్ల తరబడి కొట్లాడుతున్నాం. పాఠ్యపుస్తకంలో ఎందుకు లేదని కొట్లాడుతున్నాం. మన పిల్లలు గంటలు గంటలు కళ్లప్పగించి చూసే ఈ తెర మీద ఎవరి ముఖం ఉందో మాత్రం మాట్లాడం. అది ఉత్త ఆట కాబట్టా? ఊళ్లో క్రికెట్ కూడా ఆటే. ఎవడు బ్యాటింగ్ చేయాలి, ముళ్లకంపలో పడ్డ బంతిని ఎవడు తేవాలి అనేది అక్కడ ఎలా తేలేదో గుర్తు తెచ్చుకోండి.

విషయంలోకి వస్తా.

మాస్ ఎఫెక్ట్ అని ఒక గేమ్ ఉంది. కెనడాకు చెందిన బయోవేర్ కంపెనీ తయారుచేసింది. మొదటి భాగం 2007లో, రెండోది 2010లో, మూడోది 2012లో వచ్చాయి. మూడూ కలిపి ఒకే కథ. అందులో ప్రధాన పాత్ర పేరు కమాండర్ షెపర్డ్. ఆడా మగా అన్నది ఆడేవాళ్ల ఇష్టం. ముఖం కూడా ఆడేవాళ్ల ఇష్టమే. ఒంటి రంగు, ముక్కు వెడల్పు, దవడ, కళ్ల మధ్య దూరం, జుట్టు, అన్నీ మనమే దిద్దుకోవచ్చు.

ఆ గేమ్ ఇంకో పెద్ద మాట ఇచ్చింది. మొదటి భాగంలో మీరు చేసింది రెండో భాగం గుర్తుపెట్టుకుంటుంది, రెండోదాంట్లో చేసింది మూడోది గుర్తుపెట్టుకుంటుంది. ఎవర్ని కాపాడారు, ఎవర్ని చావుకు వదిలేశారు, ఎవర్ని ప్రేమించారు, అంతా సేవ్ ఫైల్‌లో ఉంటుంది. ఆ ఫైల్ తర్వాతి గేమ్‌కి అందిస్తే చాలు, మీ షెపర్డ్ కథలో ముందుకు నడుస్తుంది.

నిజానికి ఈ మాట పాతదే. 1981లో విజార్డ్రీ అనే గేమ్ వచ్చింది. 1982లో దాని రెండో భాగం నైట్ ఆఫ్ డైమండ్స్ వచ్చింది. మొదటి భాగంలో పెంచిన పాత్రల్ని ఫ్లాపీ మీద తెచ్చుకుని రెండోదాంట్లో ఆడాలి. అప్పట్లో పాత్ర అంటే ఒక పేరు, కొన్ని అంకెలు. ముఖమే లేదు, పోతుందన్న భయమూ లేదు. మాస్ ఎఫెక్ట్ ముఖం ఇచ్చింది. ముఖం ఇచ్చాక దాన్ని చివరిదాకా మోసే బాధ్యత కూడా దానిదే.

2012 మార్చిలో మూడో భాగం వచ్చింది. మొదటి భాగంలో సొంతంగా ముఖం చేసుకుని, అదే ముఖంతో రెండో భాగం ఆడి, అదే ముఖంతో మూడోదానికి వచ్చినవాళ్లకు ఏమైందో తెలుసా? గేమ్ ఆ ముఖాన్ని చదవలేకపోయింది. చేసిన నిర్ణయాలు దాటాయి. సంపాదించిన లెవెల్ దాటింది. ప్రేమలు దాటాయి, చావులు దాటాయి, శత్రువులు దాటారు. ముఖం ఒక్కటే గేటు దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదట్నుంచీ చేసుకోండి అని ముఖం తయారుచేసే తెర తెచ్చి ముందు పెట్టింది.

ఐదేళ్ల కథ. వందల సంభాషణలు. కథలో పాత స్నేహితులు ఎదురుపడి "షెపర్డ్, నువ్వేనా!" అని పలకరిస్తుంటారు. వాళ్లు గుర్తుపట్టే ఆ ముఖాన్ని ఆడుతున్న మనిషే గుర్తుపట్టలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ గేటు దగ్గర ఆగకుండా దాటిన ముఖం ఎవరిది?

డిఫాల్ట్ ముఖం. అంటే మీరేమీ దిద్దుకోకపోతే కంపెనీ తనంతట తాను ఇచ్చే ముఖం. మగ షెపర్డ్ డిఫాల్ట్ ముఖానికి మూలం మార్క్ వాండర్‌లూ అనే డచ్ మోడల్. తెల్లవాడు, గట్టి దవడ, పొట్టి క్రాపు. అట్ట మీద ఆయనే, ట్రైలర్‌లో ఆయనే. మూడు భాగాల్లోనూ ఆ ముఖం ఆ ముఖంగానే ఉంది. ఆ ముఖంతో ఆడినవాళ్లకు ఇలాంటి సమస్య ఒకటి ఉందనే తెలియాల్సిన అవసరం రాలేదు.

ఆడ షెపర్డ్ డిఫాల్ట్ ముఖం సంగతి చూడండి. మొదటి రెండు భాగాల్లో ఒక ముఖం. మూడో భాగానికి ముందు, 2011లో, కొత్త ముఖం కోసం కంపెనీ ఫేస్‌బుక్‌లో ఓటింగ్ పెట్టింది. ఆరుగురు ఆడవాళ్ల బొమ్మలు వరసగా నిలబెట్టి ఎవరు బాగుంటారో చెప్పమంది. తర్వాత జుట్టు రంగు మీద ఇంకో ఓటింగ్. మగ డిఫాల్ట్‌కి ఓటింగ్ లేదు. ఆయన ముఖం అప్పటికే ఖాయం.

మెట్లు కనబడుతున్నాయా? పై మెట్టు మీద మగ డిఫాల్ట్, ఎవరూ తాకరు. దాని కింద ఆడ డిఫాల్ట్, ఆమె ముఖం జనం ఓటుకు. అందరికంటే కింద, సొంతంగా ముఖం చేసుకున్నవాళ్లు. వాళ్ల ముఖం దాటుతుందో లేదో గేటు దగ్గరికి వచ్చాకగానీ తెలియదు. బాబాసాహెబ్ మెట్ల అసమానత అన్నది దేన్ని గురించో మన స్టడీ సర్కిల్‌లో చదువుకున్నాం. మనుషులు రెండు గుంపులుగా ఉండరు, ఒకరి మీద ఒకరుగా పేర్చి ఉంటారు. కమిటీ వేసి ఎవరూ ఆ మెట్లు కట్టక్కర్లేదు. "మామూలు ముఖం" ఏదో ముందే అనుకుని పని మొదలుపెడితే మెట్లు వాటంతటవే లేస్తాయి.

కంపెనీ కావాలని చేసిందని నేను అనడం లేదు. ఏప్రిల్‌లో ప్యాచ్ ఇచ్చి ముఖాల దిగుమతి సరిచేశారు. 2021 మే నెలలో లెజెండరీ ఎడిషన్ పేరుతో మూడు భాగాలూ కలిపి మళ్లీ విడుదల చేసినప్పుడు, ముఖం తయారుచేసే తెరను మూడింటికీ ఒకటే చేశారు. ఒంటి రంగులు, జుట్టు రకాలు పెంచారు. మూడో భాగంలోని ఆడ డిఫాల్ట్ ముఖాన్ని మూడు భాగాల్లోనూ పెట్టారు. మంచిదే. నా వాదనకు బలం కూడా ఇదే. 2021లో చేయగలిగారంటే ఇది చేయలేని పని కాదు. అడిగేవాళ్లు గట్టిగా అడగాలి, చేసేవాళ్లు ముఖ్యమని అనుకోవాలి. అంతే.

మనవాళ్లలో గేమ్ డిజైన్, యానిమేషన్ చదివేవాళ్లు ఇప్పుడు కనబడుతున్నారు. వాళ్ల కోసం కొంచెం లోపలి సంగతి చెప్తా. మిగతావాళ్లూ చదవండి, కష్టమేం కాదు.

గేమ్ ముఖాన్ని ఫొటోలా దాచదు. వంట రాసిపెట్టుకున్నట్టు దాస్తుంది. ముక్కు వెడల్పు ఇంత, పెదవి మందం ఇంత, రంగు ఫలానా నంబరు, జుట్టు ఫలానా నంబరు. తర్వాతి గేమ్ ఆ చీటీ చూసి ముఖాన్ని మళ్లీ వండాలి. చిక్కు అక్కడే వస్తుంది. కొత్త గేమ్‌లో గరిటె సైజు మారిపోయి ఉంటుంది. పాతదాంట్లో ముక్కుకి "12" అంటే ఒక వెడల్పు, కొత్తదాంట్లో అదే "12" అంటే ఇంకో వెడల్పు. జుట్టు "7" అంటే పాతదాంట్లో పొట్టి ఉంగరాల జుట్టు, కొత్తదాంట్లో ఆ ఏడో నంబరు దగ్గర ఇంకేదో ఉంటుంది, లేదా అసలేమీ ఉండదు. రంగు నంబరు అదే ఉన్నా గేమ్‌లో వెలుతురు వేసే పద్ధతి మారితే అదే మనిషి బూడిద రంగులోకి పోతాడు. పాత చీటీలోని అంకెల్ని కొత్త అంకెల్లోకి మార్చి చెప్పే పట్టిక ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. అంటే అనువాదం. ఆ పట్టిక రాయకపోతే ముఖం పోయినట్టే.

రెండో భాగంలో బయోవేర్ ఒక మంచి పని చేసింది. మీ ముఖానికి అక్షరాలూ అంకెలూ కలిపిన ఒక చిన్న కోడ్ ఇచ్చింది. దాన్ని కాగితం మీద రాసిపెట్టుకోవచ్చు, ఫ్రెండ్‌కి పంపొచ్చు, మళ్లీ టైప్ చేస్తే అదే ముఖం వస్తుంది. అందుకే రెండో భాగంలో కొత్తగా ముఖం చేసుకున్నవాళ్లు మూడోదానికి దాటగలిగారు. ఇరుక్కున్నది మొదటి భాగం నుంచి నమ్మకంగా మోసుకొచ్చినవాళ్లు. ఎక్కువ నమ్మినవాళ్లకే ఎక్కువ దెబ్బ. ప్యాచ్ కోసం ఆగలేని కొందరు కంప్యూటర్ ఆటగాళ్లు సేవ్ ఫైల్‌ని విప్పి, ముఖాన్ని తీసి, కొత్త ఫైల్‌లో అతికించే పనిముట్లు సొంతంగా రాసుకున్నారు. కన్సోల్ మీద ఆడేవాళ్లకు ఆ దారి కూడా అంత తేలిగ్గా లేదు. వ్యవస్థ వదిలేసిన పనిని బాధితులే రాత్రిళ్లు కూర్చుని చేసుకోవడం. ఇది మనకు కొత్త కాదు కదా.

ఇదే కంపెనీ ఇంకో వరస గేమ్‌లు చేసింది, డ్రాగన్ ఏజ్ అని. అక్కడ సంగతి ఇంకా స్పష్టం. 2011లో వచ్చిన రెండో భాగంలో మీ పాత్ర పేరు హాక్. 2014లో మూడో భాగం ఇన్‌క్విజిషన్ వచ్చేసరికి, పాత భాగాల్లో మీరు తీసుకున్న నిర్ణయాలన్నీ నమోదు చేసుకోవడానికి డ్రాగన్ ఏజ్ కీప్ అని ప్రత్యేకంగా ఒక వెబ్‌సైటే కట్టారు. ఎవర్ని రాజుని చేశారు, ఎవర్ని చంపారు, అన్నీ అందులో పెట్టొచ్చు. కానీ హాక్ మళ్లీ కథలోకి వచ్చినప్పుడు ఆ ముఖాన్ని మీరే జ్ఞాపకం పెట్టుకుని మళ్లీ దిద్దాలి. 2024లో వచ్చిన నాలుగో భాగం వేల్‌గార్డ్‌లోనూ అంతే. మూడో భాగంలో మీరు పదుల గంటలు నడిపించిన ఇన్‌క్విజిటర్‌ని మళ్లీ చేత్తో చేసుకోవాలి.

చేసిన పని దాచడానికి వెబ్‌సైట్ కట్టారు. చేసిన మనిషి ముఖం దాచడానికి చోటు లేదు.

మిత్రులారా, ఈ వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఇది గేమ్ గురించి మాత్రమేనా?

మా తాత తొవ్విన చెరువు నీళ్లు ఊరంతా తాగారు. చెరువు చరిత్రలో మా తాత లేడు. మనవాళ్లు కుట్టిన చెప్పు గడప దాకా వెళ్లింది, కుట్టిన మనిషి గడప దాటలేదు. మన డప్పు లేకుండా ఊరి పండగ మొదలవ్వదు, డప్పు కొట్టిన మనిషికి పంక్తిలో చోటుండదు. ఈ దేశం మన పనిని ఎప్పుడూ దిగుమతి చేసుకుంది. మన ముఖాన్నే ప్రతి గేటు దగ్గరా ఆపింది.

పోనీ అది పాత ఊరు అనుకుందాం. ఇప్పటి క్యాంపస్ చూడండి. ఇంటర్‌లో మార్కులు తెచ్చుకుని డిగ్రీలో చేరితే మళ్లీ మొదట్నుంచీ రుజువు చేసుకో. డిగ్రీ అయి పీజీలో చేరితే మళ్లీ మొదట్నుంచీ. పీహెచ్‌డీకి వెళ్తే ఇంటర్వ్యూ గదిలో మళ్లీ మొదట్నుంచీ. నేను చదివిన ఒక చోట, ఆ పేరు ఇక్కడ అనవసరం, మూడేళ్లు నా పేపర్లు దిద్దిన మనిషే నాలుగో ఏడు ఇంకో గదిలో కూర్చుని "నువ్వు ఏ కోటా?" అని అడిగాడు. నా మార్కులు ఆ గదిలోకి వచ్చాయి. నేను రాలేదు. పక్క కుర్చీలో ఇంకో అబ్బాయి ఉన్నాడు. ఇంటిపేరు చెప్పగానే అందరికీ తెలిసినవాడైపోయాడు. అతను డిఫాల్ట్. అతని ముఖం తరతరాలుగా సేవ్ అయి ఉంది.

అందుకే డిఫాల్ట్ అనే మాట నాకు చిన్న మాటగా అనిపించదు. డిఫాల్ట్ అంటే ఎవరూ అడగకుండానే దాటిపోయే ముఖం.

ముఖం ఒంటరిగా ఉండదు, దాని వెనక ఇల్లుంటుంది. 2009లో వచ్చిన మొదటి డ్రాగన్ ఏజ్‌లో రాజకుటుంబం లాంటి గొప్పింటి బిడ్డగా ఆడొచ్చు. మీ పాత్రకు నల్లటి ఒళ్లు ఇవ్వొచ్చు, గేమ్ ఒప్పుకుంటుంది. కానీ అమ్మానాన్నలు తెల్లగానే ఉంటారు. నిన్ను ఒప్పుకుంటాం, నీ అమ్మని ఊహించలేం అన్నట్టు. రెండో భాగంలో తోబుట్టువుల రంగు మీ పాత్రకు తగ్గట్టు మారేలా చేశారు. 2017లో వచ్చిన మాస్ ఎఫెక్ట్ ఆండ్రోమెడాలో తండ్రి ముఖం కూడా మీరు చేసుకున్న ముఖాన్ని బట్టి మారుతుంది. చిన్న సంగతే అనిపిస్తుంది. కానీ తెర మీద తన రంగులో ఉన్న నాన్నని చూసిన పిల్లకి అది చిన్న సంగతి కాదు.

ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పాలి. కులం రంగు కాదు. మనలో తెల్లగా ఉన్నవాళ్లున్నారు, అగ్రవర్ణాల్లో నల్లగా ఉన్నవాళ్లున్నారు. అమెరికాలో నల్లజాతివాళ్ల బాధనీ మన బాధనీ ఒకే త్రాసులో వేయడం లేదు. కానీ వాళ్ల పోరాటం నుంచి మనం నేర్చుకున్నాం, అది చరిత్ర. 1946లో బాబాసాహెబ్ డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ బ్లాక్ పాంథర్స్ పేరు చూసే ఆ పేరు పెట్టుకున్నారు. ముఖం విషయంలోనూ వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది.

ఫొటో ఫిల్మ్ రోజుల్లో రంగులు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకోవడానికి ల్యాబుల్లో షర్లీ కార్డు అని ఒకటి వాడేవాళ్లు. దాని మీద తెల్ల అమ్మాయి ఫొటో ఉండేది. ఆమె ఒళ్లు బాగా వస్తే ఫిల్మ్ బాగున్నట్టు. నల్ల ఒళ్లు మసిలా వచ్చినా అది ఫిల్మ్ తప్పు కాదు, ఆ మనిషి తప్పు అన్నట్టు. ఈ చరిత్ర తవ్వి రాసిన పరిశోధకురాలు లోర్నా రోత్ ఇంకో సంగతి చెప్పింది. కోడాక్ ఫిల్మ్‌లో ముదురు రంగులు మెరుగుపడటం వెనక నల్లవాళ్ల ఫిర్యాదులకంటే చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాను కంపెనీలు తమ సరుకు రంగు సరిగ్గా రావడం లేదని పెట్టిన గొడవ ఎక్కువ పనిచేసింది. మనిషి ఒంటికంటే టేబుల్ చెక్క విలువైంది.

2018లో జాయ్ బులామ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి పరిశోధకురాళ్లు ముఖం చూసి ఆడా మగా చెప్పే సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్ల మగవాళ్ల విషయంలో తప్పులు ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం. నల్ల ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం దాకా. అవి అమ్మకంలో ఉన్న పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్లు. గేమ్‌లో ముఖం గురించి మాట్లాడేటప్పుడు దీన్ని పక్కన పెట్టలేం. 2014లో వచ్చిన ద సిమ్స్ 4లో నల్లటి ఒళ్లు బూడిద పూసినట్టు కనబడుతోందని నల్లజాతి ఆటగాళ్లు ఏళ్ల తరబడి అరిచారు. అమీరా వర్జిల్ అనే ఆటగాడి వర్గం అమ్మాయి మెలనిన్ ప్యాక్ పేరుతో సొంతంగా ఒంటి రంగులు చేసి అందరికీ ఇచ్చింది. కంపెనీ వందకు పైగా కొత్త రంగులు ఇచ్చింది 2020 డిసెంబర్‌లో. ఆరేళ్లు పట్టింది. అరిచినందుకే వచ్చింది.

మన దగ్గరికి వస్తే ఇంకో వింత ఉంది. ముఖాన్ని మోయడం కష్టం అని ఆట కంపెనీలు అంటాయి. మన ముఖాన్ని పట్టుకోవడం మాత్రం ప్రభుత్వానికి కష్టం కాదు. ఉపాధి హామీ పని చేసే అమ్మల ఫొటోలు రోజుకు రెండుసార్లు యాప్‌లో ఎక్కించాలని 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. నెట్‌వర్క్ లేక ఫొటో ఎక్కకపోతే కూలి గతి ఏంటని అడిగేది ఆ అమ్మలే. హైదరాబాద్ రోడ్ల మీద పోలీసుల ముఖ గుర్తింపు గురించి హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. లెక్కపెట్టడానికి, కాపలా కాయడానికి మన ముఖం గుర్తుంటుంది. మనం ఇష్టపడి చేసుకున్న ముఖం మాత్రం గుర్తుండదు.

ఇప్పుడు అభ్యంతరాల సంగతి చూద్దాం. నాకు ఎదురయ్యేవి నాలుగు.

మొదటిది: "ఇంజిన్ మారింది, టెక్నికల్ సమస్య." మారనివ్వండి. నిర్ణయాల ఫైల్‌ని మోయడానికి మనుషుల్ని పెట్టారు, జీతాలు ఇచ్చారు. దేన్ని మోయాలి, దేన్ని వదిలేయాలి అన్నది ఇంజిన్ చెప్పలేదు, మనుషులు నిర్ణయించారు. టెక్నికల్ అనే మాట వెనక ఎప్పుడూ ఒక ప్రాధాన్యాల జాబితా ఉంటుంది. ఆ జాబితా చూపించమని అడగండి.

రెండోది: "అంత బాధైతే డిఫాల్ట్‌తో ఆడుకోవచ్చు కదా." ఇది నాకు బాగా తెలిసిన మాట. అంత బాధైతే ఇంటిపేరు మార్చుకోవచ్చు కదా. అంత బాధైతే మీ ఏరియా పేరు చెప్పకుండా ఉండొచ్చు కదా. అంత బాధైతే బీఫ్ మానేయొచ్చు కదా. మన ముఖం మనం వదిలేస్తే వాళ్లకు సమస్య తీరిపోతుంది. అది పరిష్కారం కాదు, లొంగుబాటు.

మూడోది: "ఖర్చు." చిన్న స్టూడియోలు, ఇద్దరు ముగ్గురు కలిసి చేసే గేమ్‌ల గురించి అయితే ఈ మాట వింటాను. నేను అడుగుతున్నది "మీ కథ మీ ముఖంతో" అని ప్రచారం చేసి అమ్మిన పెద్ద కంపెనీలని. మాట అమ్ముకున్నాక మాట నిలబెట్టుకోవడం ఖర్చు కిందకి రాదు, బాకీ కిందకి వస్తుంది.

నాలుగోది మనవాళ్ల నుంచే వస్తుంది: "గుర్తింపు పట్టుకుని వేలాడటం ఎందుకు, మనిషి మారాలి కదా." ఇది ఆలోచించాల్సిన మాట. అవును, మారాలి. మాస్ ఎఫెక్ట్ రెండో భాగం మొదట్లో షెపర్డ్ చచ్చిపోయి మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. ఆ సందర్భంలో ముఖం మార్చుకునే వీలు ఇస్తారు. ఇష్టమైతే మార్చుకోవచ్చు, లేకపోతే పాతదే ఉంచుకోవచ్చు. అది న్యాయం. ట్రాన్స్ మిత్రులకు ఈ వీలు ఎంత అవసరమో వాళ్లే చెప్తారు. పాత ముఖాన్ని బలవంతంగా మోయించడం కూడా హింసే. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మంది తమ మతాన్ని తామే మార్చుకున్నారు. ఎవరో చెరిపేస్తే పోయిన మతం కాదది, వాళ్లు నిలబడి వదిలేసింది. తేడా అంతా అక్కడే ఉంది. మార్చుకోవడం హక్కు. చెరిపేయడం దౌర్జన్యం. నిలకడ కావాలి అంటే ముఖం కదలకూడదని కాదు. నా ముఖం నేను మార్చేదాకా ఎవరూ మార్చకూడదని.

ఇంతకీ ఒక ముఖాన్ని చెరిగిపోకుండా మోయడం ఎలాగో ఈ దేశంలో మనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. బాబాసాహెబ్ బొమ్మ చూడండి. నీలం సూటు, కళ్లజోడు, ఒక చేతిలో రాజ్యాంగం, ఇంకో చేయి చూపుడు వేలు ముందుకి. ఏ వాడలో చూసినా గుర్తుపడతాం. ఆ విగ్రహాల్లో చాలావాటికి ప్రభుత్వం డబ్బివ్వలేదు, ఏ శిల్పకళా అకాడమీ కొలతలు ఇవ్వలేదు. సిమెంటుతో చేసినవాళ్లు చేశారు, రంగు డబ్బా కొన్నవాళ్లు కొన్నారు, చందాలు ఇంటింటికీ తిరిగి వసూలు చేశారు. ఒక్కోచోట ముక్కు కొంచెం తేడా, ఒక్కోచోట కళ్లజోడు కొంచెం పెద్దది. అయినా ఆయన ఆయనే. ధ్వంసం చేసిన చోట మళ్లీ అదే ముఖం నిలబెట్టాం. ఇప్పుడు హైదరాబాద్‌లో 125 అడుగుల విగ్రహం ఉంది, 2023లో ఆవిష్కరించారు. విజయవాడలో 2024లో ఆవిష్కరించారు. ప్రభుత్వాలు కట్టాయి, నిజమే. కానీ ఆ నీలం సూటునీ, ఆ వేలునీ, ఆ పుస్తకాన్నీ ప్రభుత్వాలకు నేర్పింది వాడలే. కోడ్ మన దగ్గరుంది. వాళ్లు మన దగ్గర కాపీ చేసుకున్నారు.

కాబట్టి ఏం చేయాలి?

ఆడేవాళ్లకు ముందు చెప్తా. మీ ముఖం బాధ్యత కంపెనీకి పూర్తిగా వదలకండి. గేమ్ కోడ్ ఇస్తే నోట్‌బుక్‌లో రాసుకోండి. కోడ్ ఇవ్వకపోతే ప్రతి స్లైడర్ అంకె ఫొటో తీసుకోండి. పాత్ర ముఖాన్ని ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, ఎండలో ఒకటి, చీకటి గదిలో ఒకటి స్క్రీన్‌షాట్ తీసిపెట్టండి, ఎందుకంటే అంకెలు సరిపోయినా వెలుతురు మోసం చేస్తుంది. సేవ్ ఫైల్‌ని ఇంకో చోట కాపీ చేసి ఉంచండి. కొత్త భాగంలో మళ్లీ దిద్దాల్సి వస్తే ముందు రంగు, తర్వాత ముఖం ఆకారం, చివర్లో జుట్టు చూసుకోండి. జుట్టుతో మొదలుపెడితే మిగతా తేడాలు కంటికి ఆనవు.

గేమ్ పనిలోకి వెళ్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇంకో మాట. హైదరాబాద్‌లో బయటి దేశాల గేమ్‌లకు బొమ్మలు గీసే స్టూడియోలు ఉన్నాయి. బయోవేర్‌ని కొనుక్కున్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కే ఇక్కడ ఆఫీసు ఉంది. మీలో కొందరు రేపు ఆ కుర్చీల్లో కూర్చుంటారు. కూర్చున్నాక ఇవి అడగండి. పాత భాగంలో ఉన్న జుట్టు, రంగు కొత్త భాగంలో తీసేయకూడదు. పాత అంకెల్ని కొత్త అంకెల్లోకి మార్చే పట్టిక మొదటి రోజు నుంచే రాయాలి, విడుదలకు వారం ముందు కాదు. పరీక్ష చేసేటప్పుడు డిఫాల్ట్ ముఖంతో మొదలుపెట్టొద్దు. అందరికంటే నల్లటి ఒళ్లు, అందరికంటే ఉంగరాల జుట్టు, అందరికంటే వెడల్పు ముక్కు తీసుకుని దాన్ని మొదటి భాగం నుంచి చివరి భాగం దాకా నడిపించి చూడండి. అది దాటితే అందరూ దాటుతారు. డిఫాల్ట్ దాటితే డిఫాల్ట్ ఒక్కటే దాటుతుంది.

ఇది గేమ్‌కే కాదు. రేషన్ షాపు నుంచి యూనివర్సిటీ దాకా ఏ వ్యవస్థనైనా పరీక్షించే పద్ధతి ఇదే. చివరి మనిషి దాటిందా లేదా చూడు. మొదటి మనిషి ఎలాగూ దాటతాడు.

ఉద్యమంలో ఉన్నవాళ్లకు చివరి మాట. మన పిల్లలు ఆడే ఆటల్ని చిన్నచూపు చూడకండి. వాళ్లు ఆ తెర మీద తమ ముక్కుని, తమ రంగుని, తమ అమ్మ చెంపల్ని దిద్దుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని చూడండి. ఈ దేశం వాళ్లకు ఇవ్వని ఒక వీలు అక్కడ దొరికింది: నేను ఎలా కనబడాలో నేనే చెప్పే వీలు. ఆ వీలు ఒక్క భాగంతో అయిపోకూడదు. రెండో భాగంలోనూ ఉండాలి, మూడో భాగంలోనూ ఉండాలి.

మా పని కావాలంటే మా ముఖంతో సహా తీసుకోండి. విడివిడిగా ఇవ్వం.

జై భీమ్.

(24వ భాగం వచ్చే ఆదివారం: హాస్టల్ మెస్ మెనూ ఎవరు రాస్తారు?)